కల్వర్టు దాటాక

అక్టోబర్ 3, గురువారం

మా మామకు నటన రాదు. ఈ సంగతి ఇక్కడైనా ఒప్పుకోవాలి.

పొద్దున కూరగాయలకని బజారు దాకా వెళ్ళాం. మా బాబు రుత్విక్‌ను తోపుడు బండిలో కూర్చోబెట్టి నేను తోస్తున్నాను, మామ పక్కన నడుస్తున్నాడు. నాలుగు క్వార్టర్లు దాటగానే ఆగాలి, ఎడమ చెయ్యి గుండె మీద పెట్టుకోవాలి, మాట మధ్యలో ఆపి రొప్పాలి. వారం నుంచి నేర్పిస్తున్నాను. ఆగడమైతే ఆగాడు. చెయ్యి మాత్రం కుడివైపు పెట్టుకున్నాడు. అదే సమయానికి బతుకమ్మ పూలు తెంపుకొని పక్క క్వార్టరు పూలమ్మ ఎదురైంది. "ఏమాయెనే అన్నా?" అని ఆమె అడిగితే మామ చెప్పిన జవాబు, "గ్యాసు."

ఇంటికొచ్చాక నాకు ఒళ్ళు మండిపోయింది.

"గ్యాసుకు ఎవలన్న అన్‌ఫిట్ చేస్తరా మామా?"

"ఏం జెయ్యాలె బిడ్డా, నోట్లెకెళ్ళి అబద్ధం ఎల్లది. గ్యాసైతే నిజంగనే ఉన్నది."

అత్తమ్మ వంటింట్లో నవ్వాపుకోలేక దగ్గింది. ఆ దగ్గైనా మామకు వస్తే బాగుండు.

ఎవరితోనూ మాట్లాడకూడని విషయం కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను. మామ గనిలోపల పంపు దగ్గర డ్యూటీ చేస్తాడు. సర్వీసు మిగిలి ఉండగానే కొత్తగూడెంలో మెడికల్ బోర్డు ఆయన్ను పనికిరాడని తేల్చితే ఆ ఉద్యోగం కొడుక్కి వస్తుంది. రిటైరైతే రాదు. మా ఆయన మొగిలికి వయసు దాటిపోతోంది. (ఎదురుగా 'ఇగో', 'ఏమయ్యా' అంటాను. ఇక్కడ ఎవరు చూడొచ్చారు, పేరు పెట్టే రాస్తాను.) కాంట్రాక్టరు దగ్గర మట్టి లారీల పనికి పోయి, ఎప్పుడు మానేయమంటారో తెలియని బతుకు ఎన్నాళ్ళు బతుకుతాడు? ఇది నా ఒక్కదాని ఆలోచన కాదు. అందరం కలిసి అనుకున్నదే.

అక్టోబర్ 6, ఆదివారం

ఈ రోజు నలుగురం షికారుకు వెళ్ళాం. రుత్విక్‌తో ఐదుగురం.

కాలనీలో చివరి క్వార్టరు దాటి ఖిల్లా గుట్టల వైపు పోతే కల్వర్టు వస్తుంది. కల్వర్టు వరకు మామ రోగి. నడుం వంగిపోయి, ఒక చెయ్యి నా భుజం మీద వేసి, అడుగులో అడుగు వేసుకుంటూ వస్తాడు. అరుగుల మీద కూర్చున్నవాళ్ళు చూస్తారు, అయ్యో అంటారు. కల్వర్టు దాటగానే వెనక్కి తిరిగి చూస్తాడు. ఎవరూ లేరని తేలాక నడుం సాపు చేసి, "ఇగ ఇటు తే బిడ్డా టబ్బు" అని బండి నా చేతిలోంచి లాక్కుంటాడు.

గనిలో చేరిన కొత్తలో ఆయనది పట్టాల మీద బొగ్గు తొట్లు, టబ్బులంటారు, తోసే పని. అందుకని రుత్విక్ బండిని కూడా టబ్బే అంటాడు. పట్టాలు లేని బాట, చిన్న చక్రాలు, అయినా ఆయన తోస్తుంటే ఎక్కడా ఎత్తేసినట్టుండదు. ఒక వైపు పత్తి చేన్లు, ఇంకో వైపు ఓపెన్‌కాస్టు గని మట్టి పోసి పోసి పెరిగిన గుట్ట. మామ వంగి, మోచేతులు బిగించి, "జరుగుండ్రి జరుగుండ్రి, లోడు టబ్బు వస్తంది" అని అరుస్తూ ఉరికాడు. వాడు బండిలో కేకలు. మొగిలి వెనకాల, "బాపూ మెల్లగ, ఎవలన్న చూస్తరు" అని.

అలసి ఒక రాయి మీద కూర్చున్నప్పుడు మామ అన్నాడు, "ఎద్దు లెక్క ఉన్నోన్ని పట్టుకొని ముసలోన్ని జేసిండ్రు గదరా మీరు. నాకు డ్యూటీ బంద్ చెయ్యబుద్ధయితలేదు."

అత్తమ్మ పల్లీలు ఒలిచి ఆయన చేతిలో పోసింది.

తిరిగి వస్తుంటే వెనక నుంచి మోటారు సైకిలు చప్పుడు వినపడింది. మామ క్షణంలో బండి వదిలేసి, ఎడమ చెయ్యి (ఎడమే!) గుండెకు పట్టించి, మొగిలి మీదికి ఒరిగిపోయాడు. చూస్తే ముత్యం కాక. మామతో పాటు అదే గనిలో డ్యూటీ చేస్తాడు. ఊరు కమాన్‌పూర్, మా అమ్మగారి ఊరు, అందుకే నాకు కాక. మనసు మంచిదే కానీ నోరు ఆగదు. ఆయన చూసిందల్లా సాయంత్రానికి చాయ్ హోటల్లో చర్చకొస్తుంది. "పైలం సదన్నా, ఎందుకే గింత దూరం నడుసుడు?" అని బండి నెమ్మది చేసి, మామను చూసి, వెళ్ళిపోయాడు.

ఆయన మలుపు తిరిగేదాకా ఆగి, నలుగురం పొట్ట పట్టుకుని నవ్వాం. మామకు కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి నవ్వీ నవ్వీ. "ఎట్లున్నది బిడ్డా, ఇయ్యాల పాసయిన్నా?" అని అడిగాడు. ఫస్టు క్లాసు అన్నాను.

అక్టోబర్ 9, బుధవారం

రుత్విక్ కొత్త విద్య నేర్చాడు. "తాత ఎట్ల?" అంటే చెయ్యి ఛాతీ మీద పెట్టుకుని, కళ్ళు మూసి, చతికిలబడతాడు. పదిసార్లు చేయించుకున్నాం.

అక్టోబర్ 14, సోమవారం

బోర్డుకు పిలుపు వచ్చింది. వచ్చే నెల మొదట్లోనే. మొగిలి సంతోషం పట్టలేక నన్ను వంటింట్లో ఎత్తి తిప్పాడు. పెళ్ళయినప్పుడు కూడా ఇంత సంబరపడలేదు ఈ మనిషి.

సాయంత్రం మామకు మళ్ళీ పాఠం చెప్పాను. పెళ్ళికి ముందు గోదావరిఖనిలో ఒక డాక్టరు దగ్గర చీటీలు రాసే పని చేశాను కదా, గుండె నొప్పితో వచ్చినవాళ్ళు ఎలా కూర్చుంటారో, ఎలా చూస్తారో నాకు బాగా తెలుసు. అన్నీ చెప్పాను. చెమట ఒక్కటి మాత్రం ఎవరూ నటించలేరని, దానికి నేనేమీ చెయ్యలేనని కూడా చెప్పాను.

అన్నం తినేటప్పుడు మామ, "ఎడమ చెయ్యి గుంజుతందిరా, దవడ గూడ ఏదో లెక్కున్నది" అన్నాడు.

మొగిలి చప్పట్లు కొట్టాడు. "అరే, దవడ! అది నువ్వు చెప్పినవా సంధ్యా? బాపు ఇంట్ల గూడ ప్రాక్టీసు చేస్తుండు."

దవడ సంగతి నేను చెప్పలేదనుకుంటా. చెప్పే ఉంటాను.

అక్టోబర్ 17, గురువారం

మామ నిద్రపోలేదని అత్తమ్మ అంటోంది. గ్యాసట. సోడా తెప్పించాం.

అక్టోబర్ 20, ఆదివారం

మామ పోయాడు.

అక్టోబర్ 22, మంగళవారం

ఇల్లంతా మనుషులు. బియ్యం కడిగే నెపంతో వెనక వసారాలో కూర్చుని రాస్తున్నాను.

ఎప్పటిలాగే షికారుకు వెళ్ళాం. కల్వర్టు దాటాం. మామ బండి తీసుకున్నాడు కానీ ఉరకలేదు. గుట్ట కింద సీతాఫలాలు బాగా ఉన్నాయని అత్తమ్మ, మొగిలి చెట్లలోకి పోయారు. బాట మీద నేను, మామ, బండిలో బాబు. మామ కూర్చున్నాడు, మళ్ళీ లేవలేదు. నేను కేకేశాను. మొగిలి ఉరికొచ్చాడు, ఆయన్ను వీపు మీద వేసుకుని కల్వర్టు దాకా మోశాడు. అక్కడ ఆటో దొరికింది. దవాఖానలో ప్రాణం అప్పటికే పోయిందన్నారు.

"ఎంతసేపాయె?" అని డాక్టరు అడిగితే ఇప్పుడే అని చెప్పాను. "జల్ది తెస్తే బతుకునా సార్?" అని మొగిలి అడిగాడు. చెప్పలేం అన్నాడు డాక్టరు. చెప్పలేం అనే అన్నాడు. బతికేవాడు అనలేదు.

సెలవు రోజు, ఎర్రటి ఎండ. రోడ్డు మీద ఎవరూ లేరు.

అక్టోబర్ 25, శుక్రవారం

వచ్చినవాళ్ళు ముందు ఏడుస్తున్నారు. తర్వాత చాయ్ తాగుతూ గొంతు తగ్గించి అంటున్నారు, సర్వీసులో ఉండంగ పోయిండు కాబట్టి నౌకరి పోరనికే వస్తది, బోర్డు ఫికర్ గూడ లేదు అని. ఓదార్పుగానే అంటున్నారు. మొగిలి తల దించుకుని వింటున్నాడు. నిన్న ఎవరో ముసలాయన నన్ను చూసి, "కొడుకుకు దారి జేసి పోయిండు బిడ్డా మీ మామ" అన్నాడు. ఆయన కాళ్ళ దగ్గర పెట్టబోతున్న చాయ్ గ్లాసు నా చేతిలోంచి జారి పగిలిపోయింది.

ఈ రోజు జరిగింది కూడా రాయాలి. పూలమ్మ రుత్విక్‌ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, మామూలుగా ముద్దు చేస్తూ, "తాత ఎక్కడ వోయిండు బిడ్డా? తాత ఏడి? తాత ఎట్ల?" అంది. వాడు వెంటనే ఆమె ఒళ్ళోంచి జారి, గుండె మీద చెయ్యి పెట్టుకుని, కళ్ళు మూసి, నేల మీద చతికిలబడ్డాడు. తర్వాత కళ్ళు తెరిచి చప్పట్ల కోసం అందరి మొహాలూ చూశాడు.

అత్తమ్మ లేచి వచ్చి వాణ్ణి ఎత్తుకుని లోపలికి తీసుకెళ్ళింది. పసివాడికి అంతా కళ్ళముందే అయిందని, పాపం చూసింది చూసినట్టు చేస్తున్నాడని అనుకున్నారు వాళ్ళు.

రోడ్డు మీద ఎవరూ లేరు. ఉంటే ఆపేదాన్ని కదా.

అక్టోబర్ 27, ఆదివారం

ఎవరూ లేరని రాశాను. రెండుసార్లు రాశాను. ముత్యం కాక ఉన్నాడు.

మామ రాయి మీద కూర్చుని ఒక చేత్తో బండి పట్టుకుని ఉన్నాడు. మోటారు సైకిలు చప్పుడు వినపడింది. నేను తిరిగి చూశాను, మలుపు దగ్గర ముత్యం కాక వస్తున్నాడు. మళ్ళీ ఇటు తిరిగేసరికి మామ రాయి మీది నుంచి జారి దుమ్ములో కూర్చున్నాడు, చెయ్యి ఛాతీ మీద. నాకు మొదట కలిగింది మెచ్చుకోలు. నాకంటే ముందే విన్నాడు చప్పుడు, ముసలాయన చెవులు భలే పనిచేస్తున్నాయి అనుకున్నాను. వెంటనే నేనూ మొదలుపెట్టాను. "అయ్యో మామా! అయ్యో ఏమాయె మామా!" అని ఊరంతా వినపడేలా అరిచాను. నిజం చెప్పాలంటే నాకు హుషారుగా కూడా ఉంది.

ముత్యం కాక ఈసారి వెళ్ళిపోలేదు. బండి ఆపి దిగాడు. వంగి మామ మెడ మీద చెయ్యి పెట్టి చూశాడు.

"బిడ్డా, ఒళ్ళంత చెమటలున్నయి. పట్టు, బండి మీద కూసోవెడ్దాం. దవాఖానకు కొంచవోత."

దవాఖానకు పోతే మిషను పెట్టి చూస్తారు. అంతా బాగుందని రాస్తారు. బోర్డు ముందర ఆ కాగితం ఉంటే అయిపోయినట్టే. నా బుర్రలో తిరిగింది ఇదే.

"వద్దు కాకా," అన్నాను. "రోజూ ఉండేదే ఇది. గోళి ఏసుకున్నడు, జెరసేపు కూసుంటే తక్కువైతది."

"108కన్న ఫోను జేత్త."

"వద్దంటున్న గదా. మొగిలి గీన్నే ఉన్నడు, చెట్లల్ల."

మామ ముత్యం కాక చొక్కా పట్టుకున్నాడు. గట్టిగా పట్టుకున్నాడు. నోరు తెరిచాడు కానీ మాట రాలేదు. ఇంత అవసరమా, ఇట్లా చేస్తే కాక నిజంగానే తీసుకుపోతాడు అని నాకు విసుగొచ్చింది. వేళ్ళు నేనే విడిపించాను. ఒక్కొక్కటీ. "కాకను పోనియ్యి మామా" అన్నాను. మామ నా మొహంలోకి చూశాడు.

నేను కన్ను కొట్టాను.

ముత్యం కాక కదిలాడు. వెనక్కి చూసుకుంటూ చూసుకుంటూ పోయాడు. చప్పుడు వినపడనంత దూరం పోయేదాకా ఆగి, "పోయిండు. ఇగ లే మామా, ఈసారి చానా మంచిగ జేసినవ్" అని చప్పట్లు కొట్టాను. బండిలోంచి రుత్విక్ కూడా కొట్టాడు.

చెమట నేను చూశాను. చూసి, ఎండలో బండి తోసిన చెమట అనుకున్నాను. ఆ రోజు ఆయన బండిని తోసింది పట్టుమని పది గజాలు లేదు.

అందరం కలిసి అనుకున్నది కూడా కాదు ఇది. అత్తమ్మ వద్దన్నది. మామ సిగ్గుపడ్డాడు. మొగిలి ఊగిసలాడాడు. పట్టుబట్టింది నేను.

ముత్యం కాక చావుకు వచ్చి, అందరి వెనక నిలబడి, నాతో ఒక్క మాట మాట్లాడకుండా పోయాడు. చాయ్ హోటల్లో కూడా ఏమీ అనలేదని మొగిలి మాటల్ని బట్టి తెలుస్తోంది. ఆయన నోరు తెరిస్తే ఈ ఇంట్లో నా బతుకేం కాను?

అక్టోబర్ 30, బుధవారం

పదకొండో రోజు. పిట్టకు పెట్టడానికి ఇంటి వెనక మైదానంలోకి వెళ్ళాం. మామకు ఇష్టమని తలకాయ కూర, గారెలు, ఒక బీడీ కట్ట విస్తరిలో పెట్టి దూరంగా జరిగాం. రెండు కాకులు వచ్చి వాలాయి. అప్పుడే ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్ అయింది, కాళ్ళ కింద నేల అదిరింది, కాకులు లేచిపోయాయి. ఎంతసేపు చూసినా మళ్ళీ రాలేదు.

బ్లాస్టింగ్ వల్లనే అని అందరికీ తెలుసు. అయినా అత్తమ్మ కూర్చుండిపోయింది. "ఆయన మనసుల ఏదో ఉన్నది. ఎవల మీదనో ఉన్నది. ఆ పొద్దు ఆ బాటకు ఎవలు రాకపోయిరా? ఒక్క మనిషన్న రాకపోయెనా?"

పూలమ్మ, పాపం ఆమెకేం తెలుసు, "ముత్యమన్న బండి మీద అటుకెళ్ళే వచ్చిండు గదా ఆ ఆదివారం. నేను గేటు కాడ చూసిన" అంది.

ముత్యం కాక అక్కడే ఉన్నాడు. అందరూ ఆయన వైపు తిరిగారు. అత్తమ్మ లేచి ఆయన ముందుకు పోయి నిలబడింది.

"నువ్వు చూసినవా ముత్యం?"

"చూసిన వదినే."

"మరి ఆగినవా?"

కాక నా వైపు చూశాడు. నా చేతుల్లో రుత్విక్ ఉన్నాడు. నేను వాడి చొక్కా గుండీ పెట్టడం మొదలుపెట్టాను. పెట్టి ఉన్న గుండీనే తీసి మళ్ళీ పెట్టాను. నోరు తెరవడానికి చాలా సమయం ఉంది నాకు. ఆయన చాలాసేపు ఆగాడు.

"ఆగలే వదినే," అన్నాడు. "ఎప్పటి లెక్క కూసున్నడనుకున్న. పనుండె. పోయిన."

అత్తమ్మ దోసిట్లో మట్టి తీసుకుని ఆయన మొహం మీద కొట్టింది. "నీ ఇల్లు ఆగం గాను! తోడు డ్యూటీ జేసిన మనిషిని కుక్కను ఇడిసిపెట్టినట్టు ఇడిసిపెట్టి పోతివి గదరా! నీ పిలగాండ్లకు గిట్లనే గావాలె! నా గడప తొక్కకు!" మొగిలి ఉరికి ఆయన్ను రెండు చేతులతో నెట్టాడు. కాక పడ్డాడు, లేచాడు, దులుపుకోలేదు.

విస్తరి తియ్యడానికి వెళ్ళినప్పుడు ఆయన గోడ పక్కన నిలబడి కండువాతో కళ్ళు తుడుచుకుంటున్నాడు. కళ్ళలో మట్టి పడింది.

"ఎందుకట్ల జెప్పినవ్ కాకా?"

"మా ఊరి ఆడిబిడ్డవు. నువ్వు ఈ ఇంట్ల బతకాలె" అన్నాడు. తర్వాత అన్నాడు, "నేను గూడ సగం సగమే నమ్మిన బిడ్డా. నిజమనుకుంటే నీ మాట ఇనకపోదును."

ఆయన్ను వెనక్కి పిలవాలి. అందరి ముందు నిలబెట్టి చెప్పాలి. రేపు చెబుతాను.

నవంబర్ 1

చెప్పలేదు.

నవంబర్ 8

అత్తమ్మ పొద్దున లేవగానే ముత్యం పేరు ఎత్తి తిట్టి గానీ మొహం కడుక్కోవడం లేదు. ఆయన పెళ్ళాం నీళ్ళ ట్యాంకు దగ్గర మా వంతు అయిపోయేదాకా దూరంగా నిలబడుతోంది. కాలనీలో చాలామంది వాళ్ళతో మాట మానేశారు. చాయ్ హోటల్లో ఆయన పక్కన ఎవరూ కూర్చోవడం లేదని మొగిలి చెప్పాడు. చెబుతూ నన్ను చూడలేదు, గోడను చూశాడు.

రేపు.

డిసెంబర్ 15, ఆదివారం

రుత్విక్ బండి ఎక్కుతానని ఏడ్చాడు. ఒక్కదాన్నే తీసుకెళ్ళాను. కల్వర్టు దాకా వెళ్ళి తిరిగొచ్చాను. వాడు అటే చూపిస్తూ ఇల్లు వచ్చేదాకా ఏడ్చాడు.

ఫిబ్రవరి 10, సోమవారం

ట్రైనింగ్ అయిపోయింది. ఈ రోజు మొగిలి మొదటి డ్యూటీ. ఫస్టు షిఫ్టు.

మామ గని టోపీ వద్దన్నాడు, కొత్తదే పెట్టుకున్నాడు. అత్తమ్మ బొట్టు పెట్టి, టిఫిన్ డబ్బా చేతికిచ్చి, "లోపల జాగ్రత్త కొడుకా. ఆ ముత్యం ఉన్న జాగల నిలవడకు" అంది.

"ఎట్ల అవ్వా?" అన్నాడు మొగిలి. "నన్ను ఆయన కిందనే ఏసిండ్రు. పని నేర్పాల్సింది ఆయననే."

బూట్ల లేసులు కట్టుకుంటూ అన్నాడు ఆ మాట, తల ఎత్తలేదు. తర్వాత వెళ్ళిపోయాడు.

చీకటి గనిలో నా మొగుడికి ఎక్కడ అడుగు వెయ్యాలో, ఎక్కడ కప్పు చప్పుడు చేస్తుందో చెప్పాల్సిన మనిషి ఆయన. ఆయన్ను నెట్టి కింద పడేసింది మొగిలే. మొగిలి షిఫ్టు దిగకముందే చెప్పెయ్యాలి, ఇప్పుడు చెప్పకపోతే ఎప్పటికీ చెప్పలేను అనిపించింది. అత్తమ్మ నేల మీద కూర్చుని రుత్విక్‌కు బువ్వ కలుపుతోంది. నేను ఎదురుగా కూర్చున్నాను.

"అత్తమ్మా, ముత్యం కాక ఆ రోజు ఆగిండు. దవాఖానకు కొంచవోత అన్నడు. నేనే వద్దన్న. నాటకం అనుకొని నేనే పంపిన."

ఆమె చెయ్యి ఆగలేదు. ముద్ద చేసి వాడి నోట్లో పెట్టింది.

"నాకెరుకే" అంది.

నాకు అర్థం కాలేదు. మళ్ళీ అడిగాను.

"నాకెరుకే బిడ్డా. చెట్లల్ల ఉన్నంగ, మోటరు ఆగింది ఇనవడ్డది. నువ్వు 'రోజూ ఉండేదే' అన్నది గూడ ఇనవడ్డది. నేను మొగిలి దిక్కు చూసి, 'మీ బాపు షురూ జేసిండురా' అన్న. ఇద్దరం నవ్వినం. నవ్వి మళ్ళ పండ్లు తెంపుకున్నం."

"మొగిలికి గూడ ఎరుకేనా?"

"వానికి ఎరుకే. వాడు నాతోని అనలే. నేను వానితోని అనలే."

"మరి కాక మొహాన మట్టి కొడితివి గదా అత్తమ్మా. అన్ని మాటలు అంటివి. ఇయ్యాల పొద్దున గూడ అంటివి."

అత్తమ్మ అప్పుడు నా వైపు చూసింది. కోపం లేదు ఆమె మొహంలో. అలసట మాత్రం ఉంది.

"ఎవల్నో ఒగల్ని అనాలె గదా బిడ్డా. నిన్నంటే నేనెవలింట్ల ఉండాలె? కొడుకునంటే వాడేం గావాలె? నన్ను నేను అనుకుంటే తెల్లారి ఎట్ల లేవాలె? ముత్యమైతే బయిటోడు."

రుత్విక్ నోరు తెరిచి ఆమె చెయ్యి పట్టుకుని లాగుతున్నాడు. ఆమె ఇంకో ముద్ద కలిపింది.

నేను చాలాసేపు ఏడ్చాను. ఆమె నన్ను ఆపలేదు, దగ్గరికీ తీసుకోలేదు. చివరికి కళ్ళు తుడుచుకుని, "ఆయన డ్యూటీలకెళ్ళి వచ్చినంక ఇద్దరం వాళ్ళింటికి పోదాం అత్తమ్మా. కాళ్ళు మొక్కుదాం" అన్నాను.

"పోదాం తియ్" అంది.

ఫస్టు షిఫ్టు దిగింది. మొగిలి వచ్చాడు, స్నానం చేశాడు. పని ఎలా ఉందని అడిగితే, ముత్యం కాక దగ్గరుండి అన్నీ చూపించాడని, అన్నం తినేటప్పుడు మాత్రం దూరంగా పోయి కూర్చున్నాడని చెప్పాడు. అత్తమ్మ విన్నది. చెప్పులు వేసుకుంటుందేమో అని ఆమె కాళ్ళ వైపు చూశాను. ఆమె నా కాళ్ళ వైపు చూసింది. పొద్దుగూకింది. దీపం పెట్టే వేళయిందని ఆమె లేచి లోపలికి వెళ్ళింది, నేను పొయ్యి వెలిగించి బియ్యం కడిగాను.